పండుటాకు అనకండి, పెద్దదిక్కు అనండి



వంటిల్లు సర్దుకుని, కాస్త నడుం వాల్చే వేళ ఇది. ఈ వేళప్పుడు కేన్సర్ మాట ఎత్తడం నాకూ ఇష్టం లేదు. మన పెద్దలయితే ఆ పేరే పలికేవారు కాదు, రాచపుండు అని గొంతు తగ్గించి చెప్పుకునేవారు. కాని చూడండి, ఏ ఇంట్లో చూసినా ఒక మామగారో, ఒక అత్తగారో, ఒక పెద్దమ్మో ఉంటారు. వయసు పెరిగిన కొద్దీ ఈ జబ్బు వచ్చే అవకాశం కూడా పెరుగుతుంది. వస్తే వాళ్ళను ఆస్పత్రికి తీసుకువెళ్ళేది, మందులు వేసేది, రాత్రి లేచి చూసేది ఎక్కువగా మనమే. కనుక మనమే తెలుసుకోవాలి.

మా ఇంట్లో జరిగినదే ముందు చెబుతాను.

పన్నెండేళ్ళ క్రితం మాట. శ్రావణమాసంలో ఒక శుక్రవారం పొద్దున్నే మా అత్తగారికి తలంటి పోస్తున్నాను. అప్పటికి ఆవిడకి డెబ్భై నాలుగేళ్ళు. చీర కొంగు కాస్త జారితే ఎడమ రొమ్ము మీద నిమ్మకాయంత గడ్డ కనిపించింది. నా చెయ్యి ఆగిపోయింది.

"ఎన్నాళ్ళ నుంచి అత్తయ్యా ఇది?" అన్నాను.

"సంక్రాంతి నుంచే అమ్మాయ్. నొప్పేం లేదులే" అన్నారు.

"మరి చెప్పలేదేం?"

"ఈ వయసులో డాక్టర్ల ముందు జాకెట్టు విప్పుకోమంటావా? పండుటాకుని. నాకోసం మీరంతా హడావిడి పడ్డం ఎందుకు?"

నొప్పి లేదు కదా అనే ధైర్యమే మనల్ని ముంచుతుంది. రొమ్ములో వచ్చే కేన్సర్ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పెట్టదు. నొప్పి లేదంటే భయం లేదని అర్థం కాదు.

మర్నాడే మా వారూ నేనూ ఆవిడని ఒక ఆస్పత్రికి తీసుకువెళ్ళాం. పేరు ఎందుకు లెండి. ఓ.పి. చీటీకి ఒక వరస, డాక్టరు గది ముందు ఇంకో వరస. వరండాలో ఉన్నవి రెండే బల్లలు. నాలుగు గంటలు కూర్చున్నాం. మధ్యలో ఆవిడ బాత్ రూముకి వెళ్ళాలంటే మేడ దిగి, మళ్ళీ ఎక్కాలి. తీరా లోపలికి వెళితే ఆ డాక్టరు గడ్డ కంటే ముందు చీటీ మీద వయసు చూశారు. మా వారి వైపు తిరిగి, "ఈ వయసులో కోతలూ అవీ ఎందుకండీ. ఇంటికి తీసుకువెళ్ళి బాగా చూసుకోండి" అన్నారు. అంతే.

తిరిగి ఆటోలో వస్తుంటే మా అత్తగారు అడిగిన మాట నేను ఇప్పటికీ మరచిపోలేను. "ఒరేయ్, ఆ డాక్టరు నన్నేమీ అడగలేదేమిరా?" అన్నారు. మా వారి దగ్గర జవాబు లేదు. జబ్బు ఆవిడది. మాట్లాడుకున్నది మాత్రం పక్కవాళ్ళం.

ఆ డాక్టరును తిట్టడానికి చెప్పడం లేదు. వయసు మీద పడిన వారికి పెద్ద వైద్యం చేస్తే తట్టుకుంటారా అనే అనుమానం నిజమైనదే. ముసలితనంలో కిడ్నీలు మెల్లగా పని చేస్తాయి, మందు ఒంట్లోంచి త్వరగా బయటకు పోదు. గుండె బలం తగ్గుతుంది. ఇదంతా నిజమే. కాని డెబ్భై నాలుగేళ్ళ వాళ్ళందరూ ఒక్కలా ఉంటారా? మా పక్కింటి మామ్మగారు ఎనభై ఏళ్ళప్పుడూ తెల్లవారుజామున లేచి వాకిట్లో ముగ్గు పెట్టేవారు. మా వీధి చివర అరవై ఐదేళ్ళాయన గోడ పట్టుకోకుండా నడవలేరు. చీటీ మీద వయసు చూసి వైద్యం చేయాలో వద్దో తేల్చడమంటే, చీర రంగు చూసి నేత మన్నిక చెప్పడం లాంటిదే.

మరి దేన్ని బట్టి తేల్చాలి? మా ఆడబడుచు పట్టుబట్టి ఇంకో ఊళ్ళో కేన్సర్ ఆస్పత్రికి తీసుకువెళ్ళమంది. అక్కడ ఒక డాక్టరమ్మ మమ్మల్ని పక్కన కూర్చోమని, కుర్చీ మా అత్తగారి దగ్గరికి జరుపుకున్నారు. "మామ్మగారూ, ఇంట్లో మీరేం పనులు చేస్తుంటారు?" అని అడిగారు. మా అత్తగారి మొహం విప్పారింది. "పూలు కడతాను. బియ్యంలో రాళ్ళేరతాను. మనవడు బడి నుంచి వస్తే అన్నం పెడతాను" అన్నారు. తర్వాత కుర్చీలోంచి లేచి, నాలుగడుగులు నడిచి, వెనక్కి వచ్చి కూర్చోమన్నారు. గడియారం చూశారు. మూడు పదాలు చెప్పి, కాసేపయ్యాక మళ్ళీ చెప్పమన్నారు. ఆర్నెల్లలో బరువు తగ్గారా, ఎప్పుడైనా పడిపోయారా, ఏమేం మాత్రలు వేసుకుంటున్నారు, రాత్రి నిద్ర పడుతోందా, మనసు దిగులుగా ఉంటోందా, ఇంట్లో చూసుకునేది ఎవరు - అన్నీ అడిగారు.

నాకప్పుడు ఇవన్నీ ఊసుపోక కబుర్లలా తోచాయి. తరువాత తెలిసింది, అది ఒక పద్ధతి ప్రకారం చేసే పరీక్ష అని. కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి వెనక్కి వచ్చి కూర్చోడానికి 12 సెకన్లు, అంతకు మించి పడితే ఆ మనిషి పడిపోయే ప్రమాదం ఉన్నట్టు లెక్క. బరువు తగ్గితే మందులు తట్టుకునే బలం తగ్గినట్టు. మతిమరుపు ఉంటే మాత్రలు వేళకి వేసుకోలేరు కనుక ఎవరో ఒకరు చూసుకోవాలి. ఇలా మనిషినంతా కూడి చూసి, అప్పుడు ఏ వైద్యం, ఎంత మోతాదు అని నిర్ణయిస్తారు.

దీనివల్ల లాభం ఉందా అంటే, ఉంది. అమెరికాలో డెబ్భై దాటిన 718 మంది కేన్సర్ రోగుల మీద చేసిన అధ్యయనం ఒకటి 2021లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. వాళ్ళ జబ్బు అప్పటికే ముదిరినదే. ఒక జట్టు డాక్టర్లకు ఈ పరీక్ష ఫలితాలూ, వాటిని బట్టి ఏం చేయాలో సలహాలూ ఇచ్చారు. ఇంకో జట్టుకి ఇవ్వలేదు. ఇవ్వని చోట నూటికి 71 మందికి మందుల వల్ల తీవ్రమైన బాధలు వచ్చాయి. ఇచ్చిన చోట నూటికి 51 మందికే వచ్చాయి. మోతాదు తగ్గించి మొదలుపెట్టినందువల్ల ఆయుష్షు తగ్గిందా అంటే, తగ్గలేదు. మన దేశంలో కూడా ముంబైలోని టాటా మెమోరియల్ ఆస్పత్రిలో పెద్దవయసు కేన్సర్ రోగుల కోసం ఇలాంటి ప్రత్యేక క్లినిక్ 2018లో మొదలయింది. ప్రతి జిల్లా ఆస్పత్రిలో పెద్ద యంత్రాలు పెట్టలేకపోవచ్చు. కాని ఒక కుర్చీ, ఒక గడియారం, అరగంట తీరిక ఉన్న ఒక నర్సు చాలు, ఈ పరీక్షలో చాలా భాగం జరిగిపోతుంది.

మా అత్తగారికి ఆపరేషన్ చేశారు. పదో రోజుకి ఇంటికి వచ్చారు. పెద్దవయసు ఆడవారి రొమ్ము కేన్సర్లలో ఎక్కువ భాగం హార్మోన్ మాత్రలకు లొంగుతాయట. ఆవిడదీ అలాంటిదే. రోజుకి ఒక్క మాత్ర, ఐదేళ్ళు. జుట్టు రాలలేదు, వాంతులు లేవు. మా అబ్బాయి పదో తరగతి పాసయితే ఆవిడే పాయసం చేసిపెట్టారు. ఆరేళ్ళు మా మధ్య ఉన్నారు. "ఈ వయసులో ఎందుకు" అనుకుని ఉంటే ఆ ఆరేళ్ళు ఎవరివి పోయేవి?

ఇక రెండో సంగతి నా తప్పు. చెప్పకుండా దాటేస్తే ఈ ప్రసంగానికి అర్థం లేదు.

ఐదో ఏడు దాటాక ఆవిడ నడుం నొప్పి అన్నారు. "వయసు నొప్పులే అత్తయ్యా" అని నొప్పుల నూనె రాశాను. రాత్రిళ్ళు ఎక్కువవుతోందన్నారు. వేడినీళ్ళ కాపడం పెట్టాను. రెండు నెలలు అలా గడిచిపోయాయి. చివరికి స్కానింగు తీస్తే జబ్బు వెన్నెముకలోకి పాకింది. ఒకసారి కేన్సర్ వచ్చిన పెద్దవారికి కొత్తగా నొప్పి వచ్చి రెండు వారాలకీ తగ్గకపోతే, రాత్రి పడుకున్నా వదలకపోతే, దాన్ని వయసు మీదకు నెట్టకండి. నడుం నొప్పితోపాటు కాళ్ళలో బలం తగ్గినా, తిమ్మిరెక్కినా, మూత్రం ఆగిపోయినా అదే రోజు ఆస్పత్రికి వెళ్ళాలి. ఆలస్యమయితే కాళ్ళు పడిపోతాయి.

పెద్దవాళ్ళ నొప్పి మనకి కనబడదు. వాళ్ళు చెప్పరు. శ్రీకాకుళం, విశాఖ తీరంలో పెద్దవయసు ఆడవారు చుట్ట నిప్పు నోట్లోపెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్ళు పరీక్షించి ఈ అలవాటు అంగిలికి చేసే హాని గురించి 1971లోనే వివరంగా రాశారు. అయినా అంగిలి మీద పుండు పడితే "వేడి చేసిందిలే" అని మజ్జిగ తాగి ఊరుకునే ముసలమ్మలున్నారు. నోట్లో పుండు మూడు వారాలు మానకపోతే చూపించాల్సిందే.

మా అత్తగారి ఎముక నొప్పికి ఒకే ఒక్క రోజు కరెంటు పెట్టారు. నేను పాతిక రోజులు తిప్పాలేమోనని భయపడ్డాను. ఎముకకు పాకిన జబ్బు వల్ల వచ్చే నొప్పికి చాలామందిలో ఒక్కసారి పెడితే చాలునట. పెద్దవాళ్ళని తీసుకువెళ్ళినప్పుడు ఈ సంగతి డాక్టరుగారిని అడగండి. అన్నిటికీ కుదరదు, కుదిరినచోట ఎంత ప్రయాణం తప్పుతుందో.

ఆ తరువాత మార్ఫిన్ మాత్రలు రాశారు. ఆ పేరు వినగానే మా వారు "అది నల్లమందు కదా, అలవాటయిపోదూ?" అన్నారు. మా బావగారయితే, "అంటే ఇక ఆఖరి రోజులన్నమాట" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. రెండూ పొరపాటే. కేన్సర్ నొప్పికి మెట్టు మెట్టుగా మందులు వాడే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే చెప్పింది. తీవ్రమైన నొప్పికి ఆ మెట్లలో పైది మార్ఫిన్. నొప్పి ఉన్నవారు డాక్టరు చెప్పిన ప్రకారం వాడితే వ్యసనపరులు కావడం చాలా అరుదు. పెద్దవారికి చిన్న మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. నొప్పి వచ్చాక కాదు, నొప్పి రాకుండా గడియారం చూసి వేయాలి. మామూలు మాత్రయితే నాలుగేసి గంటలకి ఒకటి. ఒక్క జాగ్రత్త: మార్ఫిన్ తో విరేచనం బిగుసుకుంటుంది. అందుకని విరేచనాల మందు కూడా మొదటి రోజు నుంచే అడిగి రాయించుకోండి. మొదటి మూడు నాలుగు రోజులు మత్తుగా ఉంటారు, కంగారుపడవద్దు. కాని పిలిస్తే పలకనంత మత్తు ఉంటే వెంటనే డాక్టరుకి చెప్పాలి.

మరి ఇంత మంచి మందు అన్ని ఊళ్ళలో ఎందుకు దొరకదు? 1985లో మాదకద్రవ్యాల చట్టం వచ్చింది. దొంగ వ్యాపారాన్ని ఆపడానికి పెట్టిన కట్టడి ఆస్పత్రులనూ కట్టేసింది. మందు తెప్పించుకోవాలంటే నాలుగైదు లైసెన్సులు. ఆ తలనొప్పి ఎందుకని చాలా ఆస్పత్రులు మానుకున్నాయి. 2014లో చట్టం సవరించి ఒకే అనుమతి చాలునన్నారు. చట్టం మారినా పాత భయం మాత్రం పూర్తిగా పోలేదు. మీ ఊరి ఆస్పత్రిలో లేదంటే, "ఎక్కడ దొరుకుతుందో రాసివ్వండి" అని అడగడంలో తప్పు లేదు.

కేరళవాళ్ళు ఈ విషయంలో మనకంటే ముందు నడిచారు. 1993లో కోళికోడ్ లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, ఆయన తోటివారు నొప్పి నివారణకు ఒక సొసైటీ పెట్టారు. అక్కడ ఊరివాళ్ళే వాలంటీర్లయ్యారు. 2008లో ఆ రాష్ట్ర ప్రభుత్వం దాన్నొక విధానంగా ప్రకటించింది. నర్సు ఇంటికే వచ్చి పుండు కడిగి, మందు ఇచ్చి, కోడలితో కాసేపు కూర్చుని వెళుతుంది. హైదరాబాదులో ఎర్రగుట్టల దగ్గర, మనం రెడ్ హిల్స్ అంటామే, అక్కడి ఎం.ఎన్.జె. కేన్సర్ ఆస్పత్రిలో ఇలాంటి ఉపశమన వైద్యం ఉంది. తెలంగాణ జిల్లాల్లో కూడా ఉపశమన కేంద్రాలు పెట్టి, నర్సులు వేనులో ఇళ్ళకు వెళ్ళే ఏర్పాటు చేశారు. ఉపశమన వైద్యమంటే వైద్యం ఆపేయడం కాదు. వైద్యం జరుగుతూ ఉండగానే బాధ తగ్గించడం. జబ్బు తెలిసిన రోజు నుంచే అడగవచ్చు.

డబ్బు సంగతి. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ లో ఎన్టీఆర్ వైద్యసేవ అనీ, తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ అనీ ఉన్నది అదే. కేన్సర్ ఆపరేషన్, కరెంటు, సూదిమందులు అందులో వస్తాయి. 2024 అక్టోబరులో కేంద్రం డెబ్భై దాటిన వారందరికీ, ఆదాయంతో పని లేకుండా, ఏడాదికి ఐదు లక్షల దాకా వైద్యానికి ఆయుష్మాన్ కార్డు ప్రకటించింది. మీ అత్తగారి ఆధార్ లో వయసు సరిగ్గా ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి, జబ్బు వచ్చాక తిరగలేం. వైద్యం కోసం రైలులో వెళ్ళే కేన్సర్ రోగికీ, తోడు వెళ్ళేవారికీ టిక్కెట్టులో రాయితీ ఉంది. ఆస్పత్రివారు ఇచ్చే ధ్రువపత్రం కావాలి. పెద్దవారి సహాయానికి 14567 అనే ఫోను నంబరు కూడా ఉంది.

ఇంకొకటి. 2007లోనే తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం వచ్చింది. కొడుకుల మీద కేసులు పెట్టడానికే అనుకుంటాం. అందులోనే ప్రభుత్వ ఆస్పత్రుల్లో వృద్ధులకు వీలైనంత వరకు పడకలు ఇవ్వాలనీ, వేరే వరస ఉండాలనీ రాసి ఉంది. కనుక వేరే వరస అడగడం బతిమాలుకోవడం కాదు, హక్కు. మన మహిళామండలులు ముగ్గుల పోటీలతోపాటు ఏడాదికొకసారి దగ్గరలోని ఆస్పత్రికి వెళ్ళి, బల్లలు ఎన్ని ఉన్నాయి, చక్రాల కుర్చీ ఉందా, కిందనే బాత్ రూము ఉందా, అందులో పట్టుకునేందుకు కమ్మీ ఉందా అని చూసి, లేనివి కాగితం మీద రాసి సూపరింటెండెంటు గారికి ఇవ్వచ్చు కదా.

ఇక ఇంట్లో మనం చేసుకోదగ్గవి. ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు బి.పి., షుగరు, మోకాళ్ళ నొప్పుల మాత్రలు, ఆయుర్వేదం లేహ్యాలతో సహా అన్నీ ఒక సంచీలో వేసుకువెళ్ళండి. ఒకదానితో ఒకటి పడనివి ఉంటాయి. ఒక నోటుపుస్తకం పెట్టి నెలకోసారి బరువు రాయండి. కేన్సర్ సూదిమందులు నడుస్తున్నప్పుడు జ్వరం 100.4 డిగ్రీలు చేరితే తెల్లారేదాకా ఆగవద్దు, రాత్రయినా సరే వెళ్ళాలి. పెద్దవారిలో ఒక్కొక్కప్పుడు జ్వరం రాకుండానే నీరసం, మాట తడబాటు కనిపిస్తాయి, అదీ ప్రమాదమే. స్నానాలగదిలో రాత్రి దీపం ఉంచండి. చెవులు వినపడకపోతే డాక్టరుగారికి ముందే చెప్పండి, వినపడక తల ఊపితే ఒప్పుకున్నట్టు రాసేసుకుంటారు.

చాకిరీ అంతా ఒక్క కోడలి నెత్తిన పడితే ఆమె కూడా మంచం పడుతుంది. నేను సగం పడ్డాను. మా ఆడబడుచు నెలకి వారం రోజులు వచ్చి ఉండడం మొదలుపెట్టాకే కంటినిండా నిద్రపోయాను. అడగడానికి మొహమాటపడకండి.

అన్నిటికంటే ముఖ్యమైనది, జబ్బు సంగతి వాళ్ళ దగ్గర దాచడం. మేమూ మొదట దాచాం. రెండోసారి జబ్బు తిరగబెట్టినప్పుడు మా అత్తగారే, "మీరు వంటింట్లో గుసగుసలాడుకుంటుంటే నాకు జబ్బు కంటే భయంగా ఉందర్రా. నాకు చెప్పండి" అన్నారు. చెప్పాం. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఆస్పత్రిలో వద్దు. నొప్పి లేకుండా చూడండి. నా మంచం కిటికీ దగ్గర వెయ్యండి" అన్నారు. మూడే కోరికలు. అడగకపోతే ఆ మూడూ మాకు తెలిసేవి కావు. ఆవిడ చివరి నాలుగు నెలలు ఆ కిటికీ దగ్గరే గడిపారు. చాలా రోజులు నొప్పి లేకుండా నిద్రపోయారు. కొన్ని రాత్రులు బాధపడ్డారు కూడా, అది దాచను.

వచ్చే శుక్రవారం మీ ఇంట్లో పెద్దవారికి తలంటి పోస్తారు కదూ. ఆ పది నిమిషాలు, ఒంట్లో ఎలా ఉంది, ఎక్కడైనా గడ్డ ఉందా, పుండు ఉందా, నొప్పి ఉందా అని నెమ్మదిగా అడగండి. ఏమీ లేదంటారు. మళ్ళీ ఒకసారి అడగండి. కొడుకుని కాదు, డాక్టరుని కాదు, వాళ్ళనే అడగండి.